రేకుడబ్బాలో వెండి

పోయిన వేసవిలో కోనసీమలోని మా పాత ఇంటి అటక మీదినుంచి ఒక రేకుడబ్బా దిగింది. ఏనాడో బిస్కట్లు వచ్చిన డబ్బా. మా మేనమామ పట్నంలో ఫొటో స్టూడియో నడిపిన రోజుల్లో నెగటివులు దాచడానికి వాడుకున్నాడు. మూత తియ్యగానే గుప్పున పులిసిన వాసన కొట్టింది. వంటింట్లోంచి మా అమ్మ "పాత ఊరగాయ జాడీ ఏదైనా పగిలిందేమో చూడండి" అని కేకవేసింది. ఊరగాయ కాదు. ఫిల్ము కుళ్ళుతున్న వాసన అది.

డబ్బాలో మూడు కాలాల సరుకుంది. అడుగున పాత వార్తాపత్రికల్లో చుట్టిన గాజు నెగటివులు రెండు, మా తాతగారివీ ఆయన అన్నగారివీ, 1940లలో తీసినవి. వాటిపైన 1960లనాటి నలుపు తెలుపు ఫిల్ము పట్టీలు, ఎండలో మరిచిపోయిన అప్పడాల్లాగా వంకర్లు తిరిగి, ముట్టుకుంటే విరిగేట్టున్నాయి. అన్నిటికంటే పైన 1970ల చివర తీసిన రంగుల ఫొటోలు: అందులో మనుషులూ, అరటిచెట్లూ, ఆకాశమూ అన్నీ ఒకే ఎరుపు, కుంకుమనీళ్ళలో ముంచి తీసినట్టు. గాజుపలకను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూశాను. తాతగారి ఉత్తరీయం అంచున జరీ గీతలు లెక్కపెట్టుకోవచ్చు.

అన్నిటికన్నా పాతది అన్నిటికన్నా బాగుండడమేమిటన్న ప్రశ్న నన్ను పట్టుకుంది. కొత్తది వచ్చినకొద్దీ వస్తువు మెరుగవుతుందని కదా మనకు నేర్పింది! అప్పటినుంచి కొన్ని నెలలపాటు దొరికినదల్లా చదివాను. ఆ చదువు తాలూకు ఫలితమే ఈ టపా. కొంచెం పొడుగైంది, మిత్రులు ఓపికపట్టాలి.

ఫిల్మంటే స్థూలంగా రెండు వస్తువులు: కింద పారదర్శకమైన ఆధారం, పైన జిలాటిన్‌లో వెండి లవణాల స్ఫటికాలు కలిపిన పూత. ఈ పూతనే ఎమల్షను అంటారు. గాజుపలకల కాలంలో ఆధారం గాజే. బరువు, ఖరీదు, పగులుతుందన్న భయం తప్ప దానికి వంకలేదు. పుల్లబడదు, ముడుచుకోదు, నిప్పంటుకోదు. గాజును వదలడానికి కారణం నాణ్యత కాదు, సౌకర్యమూ ఖర్చూ. అమెరికాలోని రోచెస్టరు పట్టణంలో బ్యాంకు గుమాస్తాగా పనిచేసి, తరువాత కొడాక్ సంస్థను నెలకొల్పిన జార్జ్ ఈస్ట్‌మన్ 1889లో నైట్రేట్ సెల్యులాయిడ్ మీద పూసిన ఫిల్మును అమ్మకానికి పెట్టాడు. ఆ ఆధారాన్ని మొదట్లో ఎలా తయారుచేసేవారో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. సుమారు 60 మీటర్ల పొడవున్న గాజుబల్లల మీద ద్రావకాన్ని పలచగా పోసి, ఆరబెట్టి, అక్కడే ఎమల్షను పూసి, ఒలిచేవారు. మామిడితాండ్ర చాపల మీద పోసి ఆరబెట్టడం చూసినవాళ్ళకు వేరే బొమ్మ అక్కరలేదు. పదేళ్ళు తిరగకుండానే బల్లలు పోయి, నిరంతరంగా తిరిగే పెద్ద డ్రమ్ములు వచ్చాయి. ధర దిగింది. 1900లో బ్రౌనీ కెమెరా ఒక డాలరు, అందులో వేసే ఆరు ఫొటోల ఫిల్ము పదిహేను సెంట్లు.

నైట్రేట్ చవక, గట్టిది, గాజంత స్వచ్ఛంగా ఉంటుంది. ఒక్కటే చిక్కు: తుపాకిమందు జాతికి చెందినది. మండటం మొదలుపెడితే నీళ్ళు పోసినా ఆరదు. 1929 మే 15న అమెరికాలోని క్లీవ్‌లండ్ క్లినిక్ అనే ఆసుపత్రిలో, నేలమాళిగలో దాచిన నైట్రేట్ ఎక్స్‌రే ఫిల్ములు వేడెక్కి అంటుకున్నాయి. మంటకన్నా ఆ పొగలోని విషవాయువులు ఎక్కువమందిని చంపాయి. పోయినవారు 123 మంది. మనసు కలుక్కుమనే విషయమేమిటంటే, నిప్పంటుకోని ఎసిటేట్ ఎక్స్‌రే ఫిల్ము అప్పటికే కొన్నేళ్ళుగా అంగట్లో ఉంది! ఉన్నదాన్ని మార్చడానికి ఒక ప్రమాదం కావలసివచ్చింది. సినిమావాళ్ళయితే ఆ తరువాత కూడా మరో ఇరవై యేళ్ళు నైట్రేట్‌నే పట్టుకుని వేలాడారు. వారిని పూర్తిగా తప్పుపట్టలేము. తొలినాటి ఎసిటేట్ బలహీనమైనది, ప్రొజెక్టరు పళ్ళమధ్య నలిగిపోయేది, పైగా ఖరీదు. 1948లో మెరుగైన ట్రై ఎసిటేట్ వచ్చాకగాని నైట్రేట్ కథ ముగియలేదు.

మా డబ్బాలో పులిసిన పట్టీలు ఈ ట్రై ఎసిటేట్ బిడ్డలే. వేడి, తేమ ఉన్నచోట ఎసిటేట్ మెల్లగా విడిపోయి, ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. వినెగర్‌లో ఉండేది అదే, అందుకే ఆ వాసన. ఆ ఆమ్లమే మళ్ళీ మిగిలిన ఫిల్మును మరింత తొందరగా కుళ్ళబెడుతుంది. ఒక పెరుగుచుక్క కుండెడు పాలను తోడుపెట్టినట్టు, ఒక పట్టీ డబ్బా మొత్తాన్ని తోడుపెడుతుంది. ట్రై ఎసిటేట్ అంగట్లోకి వచ్చిన పదేళ్ళలోపే ఈ జబ్బు గురించి కొడాక్‌కు మొట్టమొదటి ఫిర్యాదు వెళ్ళింది. ఎక్కడినుంచనుకున్నారు? భారత ప్రభుత్వం నుంచి. రోచెస్టరు చలిలో పరీక్షించిన వస్తువు మన ఉక్కపోతలో ఏమవుతుందో మన గిడ్డంగులే ముందు చెప్పాయి. పాలియెస్టరు ఆధారానికి ఈ జబ్బు లేదు, అది 1950లలోనే వచ్చింది కూడా. కాని అది ఎంత గట్టిదంటే, ఎక్కడైనా ఇరుక్కుంటే ఫిల్ము తెగడానికి బదులు కెమెరా యంత్రమే విరుగుతుంది. మామూలు జిగురుతో అతకదు. అందుచేత ఎక్స్‌రేల వంటివాటికి పాలియెస్టరూ, కెమెరాలో వేసే ఫిల్ముకు ఎసిటేటూ అన్న పంపకం చాలాకాలం సాగింది.

ఆధారం సంగతి ఇంతటితో ఆపుతాను. అసలు రహస్యం పూతలో ఉంది.

జిలాటిన్ అంటే పశువుల ఎముకలూ తోళ్ళూ ఉడికించి తీసిన బంక. (మా మామ్మ మడి కట్టుకుని, తులసికోట పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటుంది. ఆ ఫొటోలో ఉన్నదేమిటో ఆవిడకు ఎవరూ చెప్పలేదు, మంచిదే అయింది.) వెండి స్ఫటికాలను విడివిడిగా పట్టి ఉంచడానికి, నీళ్ళలో ఉబ్బి రసాయనాలను లోపలికి పోనివ్వడానికి, ఆరాక గట్టిపడడానికి దీన్ని మించిన పదార్థం ఎవరికీ దొరకలేదు. అయితే బంకను కొలిచి కొనుక్కోవచ్చునుగాని, పశువు ఏం తిన్నదో కొలవలేము కదా.

ఈ పాఠం ఈస్ట్‌మన్‌కు చాలా ఖరీదుగా వచ్చింది. 1882 ప్రాంతంలో, ఇంకా ఫిల్ము పుట్టకముందు, ఆయన గాజుపలకలు అమ్మేవాడు. ఉన్నట్టుండి పలకలు పనిచెయ్యడం మానేశాయి. అదే యంత్రం, అదే వెండి, అవే చేతులు. ఫొటో పడదు. ఆయన అమ్మిన సరుకును వెనక్కి తీసుకున్నాడు, బదులు ఇచ్చాడు, తయారీ ఆపేశాడు. ఎన్ని ప్రయోగాలు చేసినా కారణం దొరకక, ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళి అక్కడి పలకల తయారీదారుల దగ్గర పని చూసి వచ్చాడు. చివరికి తేలిందేమిటంటే తప్పు జిలాటిన్‌లో ఉంది. అమ్మినవాడు ఇచ్చిన కొత్త సరుకు పాతదానిలాంటిది కాదు. చూడటానికి మాత్రం రెండూ ఒక్కటే. అప్పటికి చిన్న సంస్థ. ఆ దెబ్బకు మూతపడవలసిందే. పడలేదు సరికదా, ఆ తరువాత ఈస్ట్‌మన్ నడవడికంతా ఈ భయం చుట్టూనే తిరిగిందని నాకనిపిస్తుంది. 1912లో పరిశోధనశాల తెరిచాడు. 1920లో రసాయనాల కోసం టెన్నెసీలో సొంత కర్మాగారం పెట్టాడు. 1930లో సంస్థ మసాచుసెట్స్‌లోని ఒక బంక కర్మాగారాన్నే కొనేసింది. వీటన్నిటినీ పొదుపు చర్యలుగా వ్యాపారశాస్త్రం వారు వర్ణిస్తారు. నాకు మాత్రం ఒకసారి పాము కరిచినవాడు ఇంటిచుట్టూ ఉన్న పొలమంతా కొనెయ్యడంలాగా కనిపిస్తుంది.

జిలాటిన్‌లో ఆ తేడా ఏమిటన్నది మరో నలభై యేళ్ళకుగాని తెలియలేదు. కొడాక్ పరిశోధనశాలలో శామ్యూల్ షెప్పర్డ్ అనే రసాయనవేత్త ఎంతో శ్రమపడి 1925లో కనిపెట్టాడు. కొన్ని జిలాటిన్లలో లక్షల పాళ్ళలో ఒకటి రెండు పాళ్ళ చొప్పున గంధక సమ్మేళనం ఉంటోంది. అది వెండి స్ఫటికం మీద సూక్ష్మమైన మచ్చలు ఏర్పరుస్తుంది, ఆ మచ్చల దగ్గరే వెలుతురు ముద్ర పడుతుంది. గంధకం లేని జిలాటిన్‌తో చేసిన ఫిల్ము మందకొడి. మరి ఆ గంధకం ఎక్కడినుంచి వచ్చింది? పశువులు మేసిన ఆవమొక్కలనుంచి! మనం ఆవకాయలో ముక్కుకు ఎక్కించుకునే ఘాటుకు దగ్గరి చుట్టమే అది. ఆవులకు ఆవమొక్కలు రుచించకపోయి ఉంటే మనకు సినిమాలే లేకపోయేవని ఆ పరిశోధనశాల అధిపతి మీస్ చమత్కరించేవాడట.

ఆవుకూ ఆవకూ ఉన్న ఈ సంబంధం చదివి నవ్వుకున్నాను గాని, దాని పర్యవసానం చిన్నది కాదు. అదివరకు ఎమల్షను తయారీ వంటవాడి చేతివాటం వంటిది. మంచి జిలాటిన్ దొరికితే మంచి ఫిల్ము, లేకపోతే లేదు. 1925 తరువాత జిలాటిన్‌ను శుభ్రంగా కడిగి, ఏమీ లేనిదాన్నిగా చేసి, కావలసిన గంధకాన్ని కొలిచి కలపడం సాధ్యమైంది. జర్మనీలో ఆగ్ఫా సంస్థ 1930లలో ఇంకో మెట్టు ఎక్కి, అణువంత బంగారు లవణం కలిపితే ఫిల్ము వేగం పెరుగుతుందని కనిపెట్టి, చాలాకాలం గుట్టుగా దాచుకుంది. రాశిలో చూస్తే ఇవన్నీ చిటికెడు కూడా లేని పదార్థాలు. ఖర్చు పదార్థానిది కాదు, ఆ చిటికెడును ప్రతిసారీ అంతే వెయ్యగలగడానిది.

ఇక్కడ ఈ పరిశ్రమ స్వభావాన్ని తెలిపే ఒక సంగతి ఉంది. బల్బు చేసినవాడు వెలిగించి చూసి అమ్ముతాడు. ఫిల్ము చేసినవాడు తన సరుకును పరీక్షించలేడు, పరీక్షించిన ముక్క వెలుతురు చూసి పాడైపోతుంది. చుట్ట మొదటినుంచి కాస్త, చివరినుంచి కాస్త కోసి చూసి, మధ్యలోనిది కూడా అలాగే ఉంటుందని నమ్మాలి. ఆ నమ్మకం నిజం కావాలంటే చీకటిగదుల్లో గాలి, నీరు, ఉష్ణోగ్రత, యంత్రం వేగం ఏవీ కదలకూడదు. నాణ్యతను చివర్లో ఏరుకోవడానికి లేదు. మొత్తం చుట్ట బాగుండాలి, లేదా మొత్తం చుట్ట వెండి తీసుకోవడానికి వెనక్కి పోవాలి.

ఆ చుట్ట ఎంతటిదో చిన్న లెక్క వేసి చూపిస్తాను. పెద్ద కర్మాగారాల్లో చుట్ట వెడల్పు 54 అంగుళాలు, అంటే 1.37 మీటర్లు. అంచులు పోగా 35 మిల్లీమీటర్ల పట్టీలు 38 వస్తాయి. ముప్పయ్యారు ఫొటోల రోలుకు సుమారు 1.6 మీటర్లు కావాలి. 1800 మీటర్ల చుట్ట ఒకటి పూస్తే అందులోంచి దాదాపు 42,000 రోళ్ళు. మా మావయ్య స్టూడియో పుట్టినప్పటినుంచి మూసేదాకా వాడినవన్నీ కలిపినా ఈ ఒక్క చుట్టలో ఏ మూలకూ రావు. యంత్రాన్ని శుభ్రంచేసి, పూత సమంగా దిగేదాకా నడిపి పారేసే ఫిల్ము మాత్రం, చుట్ట చిన్నదైనా పెద్దదైనా, ఇంచుమించు ఒకటే. అందువల్ల ఎక్కువ పూసేవాడి సరుకే చవక, వాడి సరుకే మంచిది కూడా. వేరే వస్తువుల్లో చవకకూ నాణ్యతకూ వైరం. ఇందులో రెండూ ఒకే కాన్పులో పుట్టిన కవలలు, తల్లి పేరు పరిమాణం.

రంగుల ఫిల్ములో ఇది ఇంకా తీవ్రం. అందులో పొరలు డజనుదాకా ఉంటాయి, అన్నీ కలిపినా మనిషి వెంట్రుక మందంకన్నా పలచన. తొలిరోజుల్లో ఒక్కొక్క పొరా పూసి, ఆరబెట్టి, మళ్ళీ పూసేవారు. 1950లలో కొడాక్ ఇంజనీర్లు ఏటవాలు పలక మీదినుంచి అనేక పొరలు ఒకదానిమీద ఒకటి కలవకుండా జారుతూ ఒకేసారి ఫిల్ము మీద పడే పద్ధతి కనిపెట్టారు. పాలమీద మీగడ, మీగడమీద నెయ్యి, ఏదీ దేనిలోనూ కలవకుండా ఒక్క ధారగా పోసినట్టు! ఖర్చు తగ్గింది, నాణ్యత పెరిగింది. అయితే అటువంటి యంత్రం పెట్టుకోగలిగినవాళ్ళు ప్రపంచం మొత్తంమీద వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. రంగు కొనేవాడికి ఎంత భారమో తెలుగువారికి తెలిపినది "లవకుశ". 1958లో మొదలై, డబ్బు చాలక ఆగి, దర్శకుడు మారి, 1963లో విడుదలైంది. మన మొదటి పూర్తి రంగుల చిత్రం.

మరి ఆ ఎర్రబారిన ఫొటోల మాట? రంగుల ఫొటోలో చివరకు మిగిలేది వెండి కాదు, రంగులద్దకం. మూడు అద్దకాల్లో నీలిది ముందు వెలిసిపోతే మిగిలేది ఎరుపు. తయారీదారులకు ఇది తెలియక కాదు. వాళ్ళ వస్తువును పెద్దయెత్తున కొనేవారు సినిమా పంపిణీదారులు. ప్రింటు కొన్ని నెలలు ఆడితే చాలు వారికి, ముప్పయ్యేళ్ళ తరువాతి రంగుకోసం పైసా ఎక్కువ ఇవ్వరు. అంతకుముందున్న టెక్నికలర్ అద్దకపు ముద్రణ రంగులు గట్టివి, కాని కొద్ది ప్రింట్లకు అది గిట్టుబాటు కాదు. అమెరికాలో 1970ల నడుమ ఆగిపోయింది. 1980లో మార్టిన్ స్కోర్సేసీ అనే దర్శకుడు తోటివారి సంతకాలు సేకరించి గొడవచేశాకే, త్వరగా వెలవని ప్రింటు ఫిల్మును కొడాక్ తెచ్చింది. సినిమా దర్శకులకు గొంతుంది. 1970ల చివర రంగుల ఫొటోలు తీయించుకున్న కోనసీమ పెళ్ళికూతుళ్ళకు లేదు. మా పెద్దక్క పెళ్ళిచీర ఆకుపచ్చదట, ఆల్బము చూసిన పిల్లలు ఎవరూ నమ్మరు.

వెండి మాటా చెప్పాలి. 1979 మొదట్లో ఔన్సు ఆరు డాలర్లున్న వెండి, హంట్ సోదరులనే అమెరికా కోటీశ్వరులు పోగుచెయ్యడంవల్ల 1980 జనవరికి యాభై డాలర్ల దగ్గరికి పోయింది. మార్చిలో కూలింది. ఈ మధ్యలో ఫిల్ము ధరలు పెరిగాయి. 1980లలో గుండ్రటి స్ఫటికాల బదులు పలకల్లాంటి చదును స్ఫటికాలు వచ్చాయి. తక్కువ వెండితో ఎక్కువ వెలుతురు పట్టడం వాటి గుణం. ధర ఒక్కటే దీనికి కారణమనను, తోడ్పడిందనడం మాత్రం తప్పుకాదు. ఇదే సమయంలో కొడాక్ చేసిన ఒక తప్పు కూడా చెప్పుకోదగ్గది. 1982లో వచ్చిన డిస్క్ కెమెరాలో నెగటివు చిటికెనవేలి గోరంత. ఎంత గొప్ప ఎమల్షనైనా గోరంత బొమ్మను పోస్టుకార్డంత చేస్తే మొహాలు ఇసుకపోసినట్టుంటాయి. జనం ఫొటోలు చూసి, కెమెరా పక్కన పెట్టేశారు.

చవక కోసం చేసిన తప్పుల్లో నాదీ ఒకటుంది. 1980ల నడుమ, వేసవి సెలవుల్లో మావయ్య స్టూడియోలో పనిచేసేవాణ్ణి. అప్పట్లో 30 మీటర్ల ఫిల్ము డబ్బా కొని, చీకట్లో కోసి, వాడేసిన పాత గొట్టాల్లోకి చుట్టుకునేవారు. ఒక డబ్బాకు పద్దెనిమిది రోళ్ళు, కొన్నదానితో పోలిస్తే సగానికి తక్కువ. గొట్టం నోటిదగ్గర మఖమల్ పట్టీ ఉంటుంది, వెలుతురు చొరకుండా. దాన్ని ప్రతిసారీ దులపాలి. ఒక రాత్రి నిద్రమత్తులో దులపకుండా చుట్టాను. మఖమల్‌లో ఇసుకరేణువు ఒకటి ఉండిపోయింది. మర్నాడు పక్క ఊళ్ళో పెళ్ళి. ఆ రోలులోని ఫొటోలన్నిటిలోనూ ఈ చివరినుంచి ఆ చివరికి సన్నటి గీత. కన్యాదానం చేస్తున్న తండ్రి కుడికంటి మీదుగా పోయింది. మావయ్య పెన్సిలుతో దిద్దాడు గాని పూర్తిగా పోలేదు. ఆ పెద్దమనిషి ఆ సంవత్సరమే కార్తీకంలో పోయాడు, అదివరకు ఆయన ఫొటో ఏదీ లేదు. వాళ్ళు గోడకు కట్టుకున్నది ఆ గీత ఉన్న ఫొటోనే. మావయ్య నన్ను ఒక్కమాటా అనలేదు. ఆ తరువాత గొట్టాలు ఆయనే చుట్టుకున్నాడు.

ఇప్పుడు ఊటీకి వస్తాను. స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ మారకద్రవ్యానికి కరువు. ఆసుపత్రికి ఎక్స్‌రే కావాలి, సినిమాకు ముడిఫిల్ము కావాలి, అన్నీ దిగుమతే. 1960లో కేంద్ర ప్రభుత్వం హిందూస్తాన్ ఫొటో ఫిల్మ్స్‌ను స్థాపించింది. పరిజ్ఞానం ఫ్రాన్సులోని బోషే సంస్థది, చోటు ఊటీ. సముద్రమట్టానికి 2,200 మీటర్లపైన చల్లటి, దుమ్ములేని గాలి. పైన చెప్పిన పూత కథ చదివినవారికి ఊటీనే ఎందుకన్నది వేరే చెప్పనక్కరలేదు. 1967లో ఉత్పత్తి మొదలైంది. సరుకు పేరు "ఇందు", చంద్రుడు. వెండికి చంద్రుడికన్నా తగిన పేరేముంది! నలుపు తెలుపు ఫిల్ము, సినిమా పాజిటివు, ఎక్స్‌రే, ఫొటో కాగితం తయారయ్యేవి. రంగుల ఫిల్మును మాత్రం అక్కడ పూయలేదు. బయటినుంచి వచ్చిన పెద్ద చుట్టలను కోసి, చిల్లులు వేసి, డబ్బాల్లో పెట్టేవారు.

ఊటీని వెక్కిరించే పక్షంలో నేను లేను. ఎన్నో ఏళ్ళపాటు మన ప్రభుత్వాసుపత్రుల్లో విరిగిన ఎముకలు కనిపించింది ఆ ఫిల్ము మీదే. కాని కవలల తల్లి ఆ కొండమీద లేదు. యంత్రం మంచిదైనా, దాని ఆకలి ప్రపంచమంత అంగడికి సరిపడా, ముందున్న అంగడి ఒక బీదదేశానిది. అందులోనే ఎక్స్‌రే కొంత, సినిమా కొంత, కాగితం కొంత. ఒక్కొక్క రకానికీ యంత్రం కడగాలి, మొదలుపెట్టాలి, పారెయ్యాలి. వెండిబ్రోమైడు స్ఫటికాలకు దేశభక్తి తెలియదు. దిగుమతి సుంకం అనే గోడ ఉన్నంతకాలం ఈ లెక్క బయటపడలేదు. ఆ తరువాత అమెరికాలోని డ్యూపాంట్ పరిజ్ఞానంతో పాలియెస్టరు ఎక్స్‌రే ఫిల్ముకోసం పెద్ద ఖర్చుతో కొత్త విభాగం కట్టారు. ఆలోచన మంచిదే, ఆధారం మంచిదే. కాని అప్పుమీద వడ్డీ పెరుగుతూండగానే 1991 తరువాత సుంకాల గోడ కుంగింది. 1990ల నడుమకు అది ఖాయిలా పరిశ్రమ. ఆపైన డిజిటల్ వచ్చింది. 2014లో మిగిలిన ఉద్యోగులకు స్వచ్ఛంద విరమణ పథకాన్ని కేంద్రం ఆమోదించింది. తప్పు కార్మికులదనో, ప్రభుత్వరంగానిదనో తేలిగ్గా అనేవారున్నారు. అలాగైతే అన్నీ ఉన్న రోచెస్టరుకు ఏమైంది?

రోచెస్టరుకూ అదే అయింది. 2006లో కొడాక్ అమ్మిన సినిమా ఫిల్ము 1,240 కోట్ల అడుగులు. 2014కు సుమారు 45 కోట్లు. నూటికి 96 వంతులు ఎనిమిదేళ్ళలో ఆవిరి. ఆ మధ్యలోనే, 2012 జనవరిలో, సంస్థ దివాలా రక్షణ కోరింది. ఫూజీ 2013లో సినిమా ఫిల్ము ఆపేసింది. వెయ్యి బిందెలకోసం తవ్విన బావిలో నాలుగు బిందెలు తోడుకుంటే తాడు ఖర్చూ రాదు. హాలీవుడ్ స్టూడియోలు ఇంతింత కొంటామని మాట ఇచ్చిన తరువాతే కొడాక్ యంత్రం ఆగకుండా నిలిచింది.

తగ్గించుకుని బతికినవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లండులో ఇల్‌ఫర్డ్ ఫిల్ము చేసే కర్మాగారం 2004లో దివాలా అంచుకు వెళ్ళగా, 2005లో అక్కడి మేనేజర్లు ఆరుగురు కొనుక్కుని, నలుపు తెలుపుకే కట్టుబడి నడిపించారు. తెలిసిన వంటకం, తక్కువ పొరలు. ఆ హార్మన్ సంస్థే 2023 చివర సొంతంగా రంగుల ఫిల్ము తెచ్చింది. ఎమల్షను పనిలో అంత అనుభవమున్నవారి చేతుల్లోనూ ఆ మొదటి ఫిల్ము గరుకుగా, రంగులు ఒకింత విపరీతంగా వచ్చాయి. 2008లో నెదర్లాండ్స్‌లో మూతపడుతున్న పోలరాయిడ్ కర్మాగారపు యంత్రాలను కొందరు ఉత్సాహవంతులు కొన్నారు. యంత్రాలున్నాయి, పాత పనివాళ్ళు కొందరున్నారు. కావలసిన రసాయనాలు మాత్రం ప్రపంచంలో ఎవరూ చెయ్యడంలేదు. 2010లో వచ్చిన వారి తొలి ఫిల్ము కెమెరానుంచి బయటికి రాగానే చేత్తో కప్పాలి, లేకపోతే బొమ్మ పాడు. పాత ఫిల్ముతో సమానం చెయ్యడానికి ఏళ్ళు పట్టింది. ఈస్ట్‌మన్ బంక కర్మాగారం ఎందుకు కొన్నాడో ఇప్పుడు అర్థమవుతుంది.

మావయ్యకు ఎనభై దాటాయి. ఈ చదివినదంతా ఫోనులో చెబితే మౌనంగా విని, "గాజుపలకలు కడిగావా? కడక్కు. నీళ్ళు తగిలితే పూత లేచిపోతుంది. మెత్తటి కుంచెతో దులుపు, చాలు" అన్నాడు. అలాగే చేశాను. పలకలు రెండూ స్కాను చేసి, ఆమ్లం లేని కాగితంలో చుట్టి బీరువాలో నిలువుగా పెట్టాను. ఎసిటేట్ పట్టీల్లో చదునుచేసి స్కాను చెయ్యగలిగినవి పదకొండు, మిగిలినవి పెంకులైపోయాయి. వాటిని ఇంట్లో మరే ఫిల్ము దగ్గరా ఉంచలేదు. డబ్బాను చింతపండు పెట్టి ఒకసారి, సబ్బు పెట్టి మూడుసార్లు తోమించాం. వాసన పోలేదు. ఇప్పుడందులో మేకులు పోసుకున్నాం.